మేడారం అడవిని కూల్చిన గాలిపై సమగ్ర నివేదిక ఇవ్వండి: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం ప్రాంతపు అడవిలో భీకరమైన గాలి వీచింది. సుమారు 200 హెక్టార్లలో యాభై వేల చెట్లు కూలిపోయాయని తొలి అంచనాలు వెలువడ్డాయి. నల్లమద్ది, తెల్లమద్ది వంటి పెద్ద పెద్ద మానులు కూకటివేళ్లతో సహా పెకలివచ్చాయి. ఆ సమయానికి బంగాళాఖాతంలోని వాయుగుండం ఉత్తరాంధ్ర వైపు కదులుతూ, అదే రాత్రి కళింగపట్నం సమీపంలో తీరం దాటింది. మరునాటి నుంచి ఖమ్మంలో మున్నేరు, విజయవాడలో బుడమేరు సృష్టించిన విలయం ముందు ఈ సంఘటన వెనక్కి వెళ్లిపోయింది. జనం నీళ్లలో చిక్కుకుని ఉండగా ప్రభుత్వాలు ముందుగా వారి వద్దకు పరుగెత్తడం ధర్మమే, అందులో నాకు ఫిర్యాదు లేదు. ఆ గాలి ఊళ్ల మీదికి మళ్లకుండా సమ్మక్క సారలమ్మలే కాపాడారని ఇక్కడి ప్రజలు నమ్ముతారు. ఊరి మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే గుండె జారిపోతుంది.

అది మేఘం నుంచి నేల దాకా దిగి గిరగిరా తిరుగుతూ సాగే సుడిగాలి, అంటే టోర్నడో అని కొందరు, కొద్దిసేపట్లోనే ఒకే చోట కుండపోతగా కురిసే మేఘ విస్ఫోటమని కొందరు, మేఘం నుంచి ఒక్కసారిగా కిందికి దూకి నేలను తాకి చుట్టూ పరుచుకునే డౌన్‌బరస్ట్ అని మరికొందరు చెప్పారు. ఈ మూడింటిలో ఏది నిజమో నేల మీద వెతికితే తెలుస్తుంది. డౌన్‌బరస్ట్‌లో చెట్లు ఒక చోటు నుంచి బయటి వైపుకు, విసనకర్ర ఆకారంలో పడతాయి. టోర్నడోలో నష్టం ఇరుకైన పట్టీలా సాగుతుంది, ఇరువైపుల చెట్లూ మధ్య గీత వైపుకు ఒరిగి ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. 1970ల్లో అమెరికాలో పరిశోధన చేసిన జపాన్ శాస్త్రవేత్త టెట్సుయా ఫుజిటా విమానంలో తిరుగుతూ కూలిన చెట్లను, వాలిన పైర్లను ఫొటోలు తీసి, పటాలు గీసి ఈ తేడాను లోకానికి చూపించారు. టోర్నడో బలాన్ని అంచనా వేయడానికి ఆయన పేరుతో ఏర్పడిన కొలబద్దను సవరించి 2007 నుంచి అమెరికాలో ఈఎఫ్ స్కేలుగా వాడుతున్నారు. అందులో నష్టాన్ని చూసి గాలి వేగాన్ని లెక్కగట్టడానికి 28 రకాల ఆనవాళ్లను తీసుకుంటారు. ఇళ్లు, బడులు, కరెంటు స్తంభాలతో పాటు చెట్లు కూడా వాటిలో ఉన్నాయి. కొమ్మలు మాత్రమే విరిగాయా, వేళ్లతో లేచిందా, మాను మధ్యకు విరిగిందా అన్నదాన్ని బట్టి వేగాన్ని అంచనా వేస్తారు.

తుపానుల వెంట వచ్చే టోర్నడోలు ఎక్కువగా తుపాను సాగే దిశకు కుడి పక్కన, ముందు భాగంలో, కేంద్రానికి దూరంగా ఉండే వాన పట్టీల్లో పుడతాయి. మేడారం ఆ వాయుగుండం దారికి ఎడమ పక్కన ఉంది. కాబట్టి టోర్నడో అన్న మాటను పరీక్షించకుండా ఒప్పుకోకూడదు, కొట్టిపారేయనూ కూడదు. చెట్లు పడిన దిశలే అందుకు సాక్ష్యం.

ఇక్కడ నేల సాక్ష్యం మరీ ముఖ్యం కావడానికి ఇంకో కారణం ఉంది. హైదరాబాద్ వాతావరణ రాడార్ నుంచి మేడారం 200 కిలోమీటర్లకు పైగా దూరం. అంత దూరం వచ్చేసరికి భూమి వంపు వల్ల రాడార్ కిరణం నేలకు సుమారు నాలుగు కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. తుపాను వెంట వచ్చే టోర్నడోలను పుట్టించే మేఘాల్లో సుడి సాధారణంగా అంతకంటే కిందే ఉంటుంది, కాబట్టి రాడార్‌కు అది సరిగా కనబడదు. పైగా అవి పుట్టి పోయేది నిమిషాల్లో, అది కూడా జోరువానలో.

2024 అక్టోబరు 9న ఫ్లోరిడాలో మిల్టన్ హరికేన్ పడమటి తీరాన్ని తాకడానికి కొన్ని గంటల ముందే, తూర్పు తీరాన సెయింట్ లూసీ కౌంటీలో టోర్నడో ఆరుగురిని బలితీసుకుంది. ఆ రాష్ట్రంలో ఆ రోజు నలభైకి పైగా టోర్నడోలు వచ్చాయని తేలింది. అక్కడి వాతావరణ శాఖ బృందాలు కూలిన ఇళ్ల మధ్య తిరిగి, ఒక్కో టోర్నడో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, ఎంత వెడల్పున సాగిందో, ఎంత బలమైనదో నమోదు చేసి ప్రజల ముందు పెట్టాయి. మన దేశానికీ ఈ ముప్పు కొత్తది కాదు. 2021లో యాస్ తుపాను ఒడిశా తీరాన్ని తాకడానికి ముందు రోజు, మే 25న, పశ్చిమ బెంగాల్‌లోని హాలిసహర్, చుంచుడా పట్టణాల్లో టోర్నడోలు ఇళ్లను కూల్చాయి.

మంత్రి గారూ, అదే ములుగు ప్రాంతంలో 2024 డిసెంబరు 4 ఉదయం భూకంపం వచ్చినప్పుడు, మీ శాఖ పరిధిలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం దాని తీవ్రత 5.3 అని, భూకంప కేంద్రం ఎక్కడో, ఎంత లోతున ఉందో వెంటనే ప్రకటించింది. భయపడి వీధుల్లోకి వచ్చిన జనానికి ఆ సమాచారం ఎంతో ధైర్యాన్నిచ్చింది. గాలి విషయంలోనూ అంతటి స్పష్టతను మీ శాఖ నుంచే ఆశిస్తున్నాం.

దీనికి పరిహారంతోనూ ముడి ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధి కోసం కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో తుపాను, వరద, వడగండ్లు, మేఘ విస్ఫోటం ఉన్నాయి, టోర్నడో పేరు లేదు. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితేనే తుపాను అంటారు. వాయుగుండం ఆ స్థాయికి చేరదు. రేపు వాయుగుండం వెంట వచ్చిన సుడిగాలికి ఒక కోయ గూడెంలో రేకుల ఇళ్లన్నీ ఎగిరిపోతే, తహసీల్దారు ఆ నష్టాన్ని ఏ పద్దు కింద రాయాలి? స్థానిక విపత్తుగా ప్రకటించి నిధిలో 10 శాతం వరకు ఖర్చు చేసే వెసులుబాటు రాష్ట్రాలకు ఉన్న మాట నిజమే. అయితే ఇల్లు పోయిన మనిషి ఆ ప్రకటన వెలువడే దాకా ఎందుకు ఎదురుచూడాలి? టోర్నడోను ఆ జాబితాలో చేర్చాలని కేంద్ర హోం శాఖకు మీరు సిఫారసు చేయాలి.

నేల మీద ఆనవాళ్లు చూసి గాలిని అంచనా వేసే పనికి వ్యవధి చాలా తక్కువ. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను మొదటి రోజే తీస్తారు, ఇంటి మీద రేకులను వారంలోపే మళ్లీ వేసుకుంటారు. తలదాచుకోవాల్సిన వాళ్లను ఆగమనలేం. అందుకే హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాలు ఒక్కోదానిలో సర్వే బృందాన్ని ముందే సిద్ధంగా ఉంచి, సంఘటన జరిగిన మూడు నాలుగు రోజుల్లోపే అక్కడికి పంపాలి. బృందం చేరేలోగా అటవీ శాఖ బీట్ అధికారులు, పంచాయతీ కార్యదర్శులు ఫోన్‌లోని దిక్సూచితో చెట్టు పడిన దిశను, స్థలాన్ని, ఫొటోను నమోదు చేసేలా వారికి శిక్షణ ఇవ్వాలి. అమెరికా కొలబద్దలోని ఇళ్లు మన ఇళ్లలాంటివి కావు. పెంకుటిల్లు, రేకుల షెడ్డు, తాటాకు పాక, కొబ్బరి, తాడి చెట్లు ఎంత గాలికి ఎలా దెబ్బతింటాయో మన ఇంజనీర్లతో తేల్చి, మనకంటూ ఒక కొలబద్దను తయారు చేయించాలి.

మేడారం విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలను, ఆనాటి రాడార్ దృశ్యాలను, అటవీ శాఖ క్షేత్ర వివరాలను ఒకచోట చేర్చి, చెట్లు పడిన దిశల పటంతో సహా ఒకే నివేదికగా తెలుగులోనూ ప్రచురించాలని కోరుతున్నాను. అక్టోబరులో బంగాళాఖాతం తుపానుల కాలం మొదలయ్యేలోగా సర్వే మార్గదర్శకాలు ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లకు అందేలా చూడగలరని మనవి.

భవదీయుడు,
ములుగు జిల్లా పౌరుడు