‘సర్వర్ డౌన్’ సరే, డౌనైంది ఏది?

సంపాదకులకు,

విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషమే. తిరుపతిలో మాత్రం కౌంటరు దగ్గర ఇంకా వినపడేది ‘సర్వర్ డౌన్, మధ్యాహ్నం రండి’ అనే మాటే. చాలాసార్లు పాపం ఆ సర్వర్‌కు ఏమీ అయి ఉండదు.

మంచి డేటా సెంటర్‌లో కరెంటు పోతే బ్యాటరీలు ఆ క్షణంలోనే అందుకుంటాయి. పది పదిహేను సెకన్లలో డీజిల్ జనరేటర్ లేచి భారం తీసుకుంటుంది. డేటా సెంటర్ ఎంత నమ్మకమైనదో చెప్పే కొలతలో టైర్-3 స్థాయి అంటే 99.982 శాతం లభ్యత, ఏడాది మొత్తానికి ఆగేది గంటన్నర. వారానికోసారి డౌనయ్యేది అది కాదు. భవనం నిలబడినా సాఫ్ట్‌వేర్ తడబడుతుంది, నిజమే. శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా వదిలిన నిమిషంలో అందరూ ఒక్కసారే మీద పడతారు. పేజీ చూపించే సర్వర్లను ఎన్నైనా పెంచుకోవచ్చు గానీ, ఒకే టికెట్టు ఇద్దరికి పోకుండా లెక్క చూడాల్సిన డేటాబేస్ దగ్గర ఇరుకు తప్పదు. ఆన్‌లైన్ క్యూలో నిలబెట్టేది అందుకే.

రేషన్ షాపు సంగతి వేరు. అక్కడ వేలు పెడితే సరిచూసేది ఆధార్ డేటా సెంటర్లు. ఒకటి బెంగళూరు హెబ్బాళలో, ఒకటి హర్యానాలోని మానేసర్‌లో ఉన్నాయి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బెంగళూరుకు 250 కిలోమీటర్ల దారి అనుకున్నా పోయి రావడానికి రెండున్నర మిల్లీసెకన్లు చాలు. అదే వేలిముద్ర మెషిన్‌ను గుమ్మం దగ్గరికి తెస్తే పని జరిగిపోతోందంటే, లోపం షాపులో సిమ్‌కు సిగ్నల్ అందకపోవడమే.

ఆఫీసుల్లో అసలు రోగం యూపీఎస్ గదిలో ఉంటుంది. 10 కేవీఏ యూపీఎస్‌కు 12 వోల్టుల బ్యాటరీలు పదహారో ఇరవయ్యో ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. అందులో ఒక్కటి చచ్చినా వరుసంతా పడుకుంటుంది. తెర మీద 100 శాతం ఛార్జింగ్ చూపిస్తూనే ఉంటుంది, కరెంటు పోయిన అర నిమిషానికి అన్నీ ఆరిపోతాయి. లోడు మీద ఉంచి, అంటే బ్యాటరీలే సర్వర్లను నడుపుతుండగా, ఒక్కో బ్యాటరీకీ మల్టీమీటరు పెట్టి చూడాలి. మిగతావి 12 వోల్టుల దగ్గర నిలబడితే, చెడ్డది 10.5 కిందికి జారిపోతుంది. పాత వరుసలో ఒక్క కొత్త బ్యాటరీ ఇరికించి మమ అనిపించడం మన దగ్గర అలవాటు. పాతవాటితో కలిసి అదీ తొందరగానే పోతుంది. 25 డిగ్రీల దగ్గర నాలుగేళ్లు వచ్చే బ్యాటరీ 35 డిగ్రీల గదిలో రెండేళ్లే వస్తుంది. మన మే నెల ఎండల్లో కిటికీ లేని గదిలో పెడితే ఎన్నాళ్లు వస్తుందో ఊహించుకోవచ్చు.

సర్వర్లు పేర్చే ఇనుప బీరువా, అదే ర్యాక్, తినే కరెంటంతా వేడిగానే బయటికొస్తుంది. 4 కిలోవాట్ల ర్యాక్‌కు టన్నుకు పైగా చల్లదనం కావాలి, కాబట్టి ఒకటిన్నర టన్నుల ఏసీలు రెండు పెట్టి మార్చి మార్చి నడపాలి. ఒక్కటే పెట్టి రాత్రి అటెండరు కట్టేసి పోతే తెల్లారేసరికి సర్వర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆ ఏసీ కూడా ర్యాక్ నెత్తిన వద్దు, డ్రెయిన్ పైపు మూసుకుంటే నీళ్లన్నీ సర్వర్ మీదే. సర్వర్ ముందునుంచి చల్లగాలి పీల్చి వెనకనుంచి వేడి వదులుతుంది. స్థలం కలిసొస్తుందని ర్యాక్ వీపు గోడకు ఆనించేస్తే ఎన్ని ఏసీలున్నా దండగే.

ఇక లైను. రెండు కంపెనీల దగ్గర కనెక్షన్ తీసుకున్నాం, మాకేం భయం లేదంటారు. రెండు వైర్లూ ఒకే స్తంభం మీద వస్తుంటే ఒక్క జేసీబీ చాలు, మన ఊరి కోతి చాలు. రెండోది వేరే వీధి నుంచి రావాలి. ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ (LOS) అనే ఎర్ర దీపం వెలిగితే కాంతి అందట్లేదని అర్థం, అంటే తీగ తెగిందో కనెక్టర్ ఊడిందో. అది వెలగకుండా ‘పాన్’ (PON) దీపం పచ్చగా నిలిచి, మిగతా వెబ్‌సైట్లన్నీ తెరుచుకుంటూ మీకు కావాల్సిందొక్కటే రాకపోతే, అప్పుడు సర్వర్‌ను అనుమానించొచ్చు. కౌంటరులో ఉన్నవాళ్లకు ఇది నేర్పడానికి పది నిమిషాలు పట్టదు.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారాయి. అయినా సెల్లారుల్లో యూపీఎస్‌లు పెట్టడం ఆగలేదు. వాటిని పై అంతస్తుకు ఎక్కించడానికి డబ్బూ సమయమూ కావాలి, ఒప్పుకుంటాం. ఈలోగా ఖర్చు లేని పని ఒకటుంది. ఎండలు ముదరకముందే, మార్చిలో ఒక ఆదివారం, ముందురోజే డేటా బ్యాకప్ తీసిపెట్టుకుని, సర్వర్ గది మెయిన్ స్విచ్ దించండి. వాచీ చూసుకుంటూ యూపీఎస్ ఎన్ని నిమిషాలు నిలబడిందో రాసి, ఆ కాగితం గది తలుపుకే అంటించమని జిల్లా అధికారులకు, బ్యాంకులకు, ఆస్పత్రులకు మనవి.

ఇట్లు,
సర్వర్ గదుల నిర్వహణ పనిలో ఉన్న కొందరు,
తిరుపతి.