మూసేసిన పోర్టుల గురించి, అంతకన్నా ముందే మూసుకున్న మీ చెవుల గురించి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ఐఆర్‌సీ సర్వర్లకు కనెక్షన్ కుదరకపోవడం, పరిష్కరించకుండానే నా ఫిర్యాదును పదే పదే మూసివేయడం గురించి.

ఆర్యా,

నేను హనుమకొండ నయీంనగర్‌లో మీ ఫైబర్ కనెక్షన్ వాడుతున్న చందాదారుణ్ని. ఫోన్‌లోనూ మీ యాప్‌లోనూ చౌరస్తా దగ్గరి మీ కార్యాలయంలోనూ చెప్పి చెప్పి విసిగిపోయాను కాబట్టి, ఈసారి కాగితం మీద పెట్టి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం సంతకం చేసి తీసుకోవడానికైనా మీ దగ్గర ఒక మనిషి ఉంటారని నమ్ముతున్నాను.

సమస్య చాలా చిన్నది. మీ కనెక్షన్ మీద నా కంప్యూటర్ 6697 నంబరు పోర్టు, అంటే నెట్‌లో ఒక్కో సేవకు కేటాయించిన నంబరు గల దారి, ద్వారా బయటి ఐఆర్‌సీ (ఇంటర్నెట్ రిలే చాట్) సర్వర్లను చేరుకోలేకపోతోంది. పాత 6667 పోర్టుదీ అదే గతి. అదే కంప్యూటర్‌ను, ఒక్క సెట్టింగు కూడా మార్చకుండా, మొబైల్ హాట్‌స్పాట్‌కు కలిపితే క్షణంలో పనిచేస్తుంది. నెట్‌వర్క్‌ను మెరుగుపరిచామని మీరు మెసేజ్ పంపిన మర్నాటి నుంచే ఇది మొదలైంది కాబట్టి, లోపం ఎవరి వైపు ఉందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

మీ కాల్ సెంటర్‌లో మొదట ఫోనెత్తిన అమ్మాయికి నేను ఎంతో ఓపికగా వివరించాను. ఐఆర్‌సీ అనేది 1988లో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ మొదలుపెట్టిన, కేవలం అక్షరాలతో నడిచే సంభాషణ పద్ధతి అని, దాని నియమాలు 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే ఇంటర్నెట్ పత్రంగా వెలువడ్డాయని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల వాళ్లు చాలామంది ఇప్పటికీ అక్కడే మాట్లాడుకుంటారని, నేను చేసే తెలుగు అనువాద పనికి సందేహాలు తీర్చే పెద్దలు అక్కడే దొరుకుతారని చెప్పాను. అంతా విని ఆ అమ్మాయి, "సార్, మీకు వాట్సాప్ పనిచేస్తోందా?" అని అడిగింది. పనిచేస్తోందన్నాను. "అయితే నెట్ బాగానే ఉంది సార్" అని ఫోన్ పెట్టేసింది. సాయంత్రానికల్లా నా సమస్య పరిష్కారమైందని, సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మెసేజ్ వచ్చింది.

రెండోసారి దొరికిన ఆయన బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేయమన్నాడు. ఇందులో బ్రౌజరే లేదని చెప్తే కాసేపు మౌనం వహించి, వేరే బ్రౌజర్ వేసి చూడమన్నాడు. ఆ తర్వాత మాట్లాడినామె మరో అడుగు ముందుకేసి, ఆ యాప్‌ను డేటాతో సహా తీసేసి మళ్లీ వేసుకోమంది. ఆ డేటా ఏమిటో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు కాబట్టి మీకైనా చెప్తాను. నేను వాడేది ఇర్సీ అనే క్లయింటు, అంటే ఐఆర్‌సీకి కలిపే ప్రోగ్రాం, 1999 నుంచి ఉన్నది. నా అమరిక అంతా హోం డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఒక ఫోల్డరులో, కాన్ఫిగ్ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఉంటుంది. ఇర్సీ తెరవగానే ఏ నెట్‌వర్కుకు కలవాలో, ఏ చానెల్ (ఒక్కో విషయం మీద మాట్లాడుకునే గది) ఏ విండోలో తెరుచుకోవాలో అందులోనే రాసి ఉంటుంది. ఆల్ట్ మీటతో పాటు అంకె నొక్కితే నాకు కావలసిన చానెల్ ముందుకొస్తుంది. వచ్చేవాళ్ల, వెళ్లేవాళ్ల వరుసలు తెర నిండా పడకుండా ఇగ్నోర్ ఆదేశంతో ఆపుకున్నాను. ఎవరైనా తెలుగు అనువాదం మాటెత్తితే ఆ వరుస వేరే రంగులో కనబడేలా హైలైట్ పెట్టుకున్నాను. థీమ్ ఫైలులో సమయం ఎడమ పక్కన సన్నగా, పేర్లన్నీ ఒకే నిలువు గీతకు ఆనుకొని ఉండేలా దిద్దుకున్నాను. ఒత్తులు, గుణింతాలు ఒకదాని మీద ఒకటి పడకుండా తెలుగు సరిగా చూపించే టెర్మినల్‌నూ (ఆదేశాలు టైపు చేసే నల్ల తెర) ఫాంటునూ వెతికి పట్టుకోవడమే ఒక పెద్ద కథ. వీటన్నిటి మీదా తనంతట తాను మొదలయ్యే నాలుగైదు పెర్ల్ స్క్రిప్టులు, అంటే పెర్ల్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాములు, ఉన్నాయి. ఏళ్లుగా కూర్చుకున్న దీన్నంతా, మీ పోర్టు తెరుచుకోవడం లేదు కాబట్టి, నేను తుడిచేయాలట!

తర్వాత ఇంటికి మీ టెక్నీషియన్ వచ్చాడు. టెర్మినల్ చూడగానే "సార్, సిస్టం కరాబైనట్టున్నది, గిట్ల నల్లగొస్తే వైరసే" అన్నాడు. కాదని చెప్పి అతని ఎదుటే కనెక్ట్ ఆదేశం ఇచ్చాను. నేను వెళ్లే ఐఆర్‌సీ నెట్‌వర్కుల్లో ఒకటైన లిబెరా చాట్ సర్వర్ పేరు, పక్కన 6697 అని ఒక వరుస పడింది, తర్వాత తెర అలాగే ఉండిపోయింది. అతను చాయ్ తాగడం పూర్తయ్యేలోపు సమయం మించిపోయిందన్న వరుస వచ్చింది. హాట్‌స్పాట్ మీద కూడా చూపించాను, వెంటనే సర్వర్ పలకరింపు తెర మీద జలజలా దిగింది. అతను తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి, "మనది ఫుల్లు స్పీడొస్తుంది గద సార్, ఇగ ప్రాబ్లం ఏంది?" అన్నాడు. మోడెం మార్చాడు. ఫలితం మారలేదు. వెళ్లేముందు ఓటీపీ అడిగాడు. పని కాకుండా ఎలా ఇస్తానంటే, "టికెట్ క్లోజ్ చేయకుంటే మమ్మల్ని అంటరు సార్" అని బతిమాలాడు. నేను ఇవ్వలేదు. అయినా మర్నాడు పొద్దున నా ఫిర్యాదు టికెట్ మూసి ఉంది! ఓటీపీ లేకుండా మూయగలిగే మీ పరిజ్ఞానాన్ని పోర్టు తెరవడంలో కూడా చూపిస్తే బాగుండేది. ఆ అబ్బాయిని మాత్రం నేను తప్పుపట్టను. తెగిన తీగ అతికించడం అతని పని. మీ రూటర్లలో ఎవరు ఏ నియమం రాశారో అతనికెవరు చెప్తారు?

చౌరస్తా కార్యాలయంలో అది బ్యాకెండ్ టీం చూడాల్సిన విషయమన్నారు. ఆ టీం ఎక్కడుంటుందని అడిగితే హైదరాబాద్‌లో అన్నారు, ఫోన్ నంబరు అడిగితే వాళ్లతో కస్టమర్లు మాట్లాడకూడదన్నారు. ఇచ్చిన మెయిల్ చిరునామాకు రాస్తే, పెట్టె నిండిపోయిందని తిరిగొచ్చింది. ఎట్టకేలకు సద్దుల బతుకమ్మ నాడు సాయంత్రం మీ సంస్థ నుంచే ఫోన్ వస్తే, వీధిలో పాటల హోరులో వినబడక లోపలి గదిలోకి పరుగెత్తాను. ఏడాది ప్యాకేజీ ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామని చెప్పడానికి చేశారట.

ఇన్నాళ్లలో విషయం ఉన్న జవాబు ఒక్క సూపర్‌వైజర్ నుంచే వచ్చింది. ఐఆర్‌సీని హ్యాకర్లు వాడతారని, భద్రత కోసం ఆపి ఉంటారని ఆయన అన్నారు. వైరస్ సోకిన కంప్యూటర్లను నడపడానికి కొందరు దాన్ని వాడిన మాట నిజమే, మెయిల్‌నూ అలాగే వాడతారు. భద్రత కోసమే ఆపితే ఎవరి ఆదేశంతో, ఏ తేదీ నుంచి ఆపారో రాసివ్వమన్నాను. "అట్లా రాసివ్వలేం సార్" అన్నారు. 2018లో కేంద్ర టెలికాం శాఖ ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ సూత్రాల ప్రకారం, చట్టబద్ధమైన సేవలను మీ ఇష్టానికి అడ్డుకునే హక్కు మీకు లేదని కూడా గుర్తుచేశాను. ఆయన హోల్డ్‌లో పెట్టారు. ఆ హోల్డ్‌లోనే కాల్ తెగిపోయింది.

లిబెరా చాట్ 7000 పోర్టులో కూడా కనెక్షన్ ఇస్తుంది కాబట్టి, కాన్ఫిగ్‌లో ఆ ఒక్క అంకె మార్చి అక్కడి పని ఎలాగోలా నడుపుకుంటున్నాను. నేను వెళ్లే మిగతా నెట్‌వర్కులకు ఆ వెసులుబాటు లేదు. పని ఆగినందుకన్నా, గోడకు చెప్పుకున్నట్టు ఇన్నాళ్లు చెప్పుకోవలసి వచ్చినందుకే నాకు ఎక్కువ కోపం. మీ తీగ మా వీధి స్తంభాలకు ఎక్కిన కొత్తలో చేరినవాణ్ని నేను. రోజుకోసారి నెట్ పోయే ఆ రోజుల్లో కూడా బిల్లు ఆలస్యం చేయలేదు. మా గల్లీలో సగం ఇళ్లు నా మాట మీదే మీ దగ్గర చేరాయి. ఆ మాటను వెనక్కి తీసుకోవడం నాకూ తెలుసు, పక్క సంస్థ ఏజెంటు వారం వారం మా గేటు ముందు నిలబడుతూనే ఉన్నాడు.

6697, 6667 పోర్టులను తెరవండి, లేదా ఎందుకు మూశారో బాధ్యత గల అధికారి సంతకంతో తెలపండి. సేవ సరిగా అందని నెలల బిల్లులో న్యాయమైన భాగం తిరిగి ఇవ్వండి. పరిష్కారం కాని ఫిర్యాదులను పరిష్కారమైనట్టు నమోదు చేసినందుకు క్షమాపణ కూడా రాతలోనే కావాలి. ఇవి జరగకపోతే 2012 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ఫిర్యాదుల పరిష్కార నిబంధనల కింద మీ అప్పిలేట్ అధికారికి అప్పీలు చేస్తాను, 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. టెలికాం తగాదాలు కమిషన్ల పరిధిలోకి రావని మీ వకీలు చెబితే, సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు చదువుకోమనండి.

ఈ లేఖకు జవాబుగా మళ్లీ నక్షత్రాలు అడిగే మెసేజ్ పంపితే, దాని నకలు కూడా కమిషన్‌కు ఇచ్చే పత్రాల్లో చేరుతుంది.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
నయీంనగర్, హనుమకొండ.

జతపరచినవి: డాకెట్ (ఫిర్యాదు) నంబర్ల పట్టిక, చెల్లించిన బిల్లుల నకళ్లు, తిరిగొచ్చిన మెయిల్ ప్రతి.