ఫ్లామినీ ఆస్తి, ఓజిల్ జీతం: లెక్క ఎక్కడ తప్పుతోంది?

సంపాదకుల వారికి,

ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీతాలు శ్రుతి మించాయన్న చర్చ వచ్చినప్పుడల్లా, అర్ధరాత్రి దాకా మేలుకుని ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ చూసే మన అభిమానుల నోట రెండు పేర్లు తరచుగా వినిపిస్తాయి. ఒకటి మెసుట్ ఓజిల్, రెండోది మాథ్యూ ఫ్లామినీ. ఇద్దరూ లండన్ క్లబ్బు ఆర్సెనల్‌కు ఆడినవారే. మొదటివాడు ఆడకుండా కూర్చుని వారానికి మూడున్నర లక్షల పౌండ్లు తీసుకున్నాడని నింద. రెండోవాడు మైదానంలో అంతంతమాత్రమే అయినా రాత్రికి రాత్రి ప్రపంచంలోకెల్లా సంపన్నుడైన ఫుట్‌బాలర్ అయిపోయాడని ఆశ్చర్యం. ఈ రెండు మాటల్లోనూ లెక్క తప్పుతోందనీ, ఆ తప్పులో పత్రికలకూ వాటా ఉందనీ చెప్పడానికే ఈ లేఖ.

ముందు ఫ్లామినీ సంగతి. 2008లో, ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్‌లో చేరిన ఏడాదే, పాస్క్వాలే గ్రనాటా అనే భాగస్వామితో కలిసి అతడు జీఎఫ్ బయోకెమికల్స్ అనే సంస్థను ప్రారంభించాడు. రంపపు పొట్టు, గడ్డి, కోతల తర్వాత మిగిలే చొప్ప వంటి వాటి నుంచి లెవులినిక్ ఆమ్లాన్ని తయారుచేయడం వారి పని. పెట్రోలియం నుంచి వచ్చే అనేక రసాయనాలకు బదులుగా దీన్ని వాడవచ్చు కనుకనే, మొక్కల నుంచి తీయదగిన ముఖ్యమైన పన్నెండు రసాయనాల జాబితాలో అమెరికా ఇంధన శాఖ 2004లోనే దీనికి చోటిచ్చింది. ఇటలీలోని కసెర్తా దగ్గర వారి కర్మాగారం వాణిజ్య స్థాయి ఉత్పత్తికి వచ్చింది 2015లో. అప్పటిదాకా గుట్టుగా ఉంచిన ఈ విషయాన్ని ఫ్లామినీ ఆ ఏడాది నవంబరులో బయటపెట్టాడు. అంతకు రెండు నెలల ముందే టోటెన్‌హామ్‌పై లీగ్ కప్ మ్యాచ్‌లో రెండు గోల్సూ తానే కొట్టి ఆర్సెనల్‌ను గెలిపించినా రాని పేరు, ఈ ఒక్క వార్తతో వచ్చింది.

ఆ వార్తలో ఇరవై బిలియన్ పౌండ్లు, అంటే అప్పటి మారకపు లెక్కన దాదాపు రెండు లక్షల కోట్ల రూపాయలు, అన్న అంకె ఒకటుంది. అది ఆ రసాయనానికి ముందు ముందు ఏర్పడగల మార్కెట్ అంచనా. చేతులు మారేసరికి అదే కంపెనీ విలువ అయింది, ఆ తర్వాత ఫ్లామినీ సొంత ఆస్తి అయి కూర్చుంది. గుంటూరు మిర్చి యార్డులో ఏటా వేల కోట్ల వ్యాపారం జరుగుతుంది గదా అని, అక్కడ కొట్టు తెరిచిన ప్రతివాడి దగ్గరా వేల కోట్లున్నాయని రాస్తే మన పాఠకులు నవ్వరా? 2015లో ప్రకటించిన బ్రిటన్ సంపన్నుల జాబితాలో మొదటి స్థానంలో ఉన్న లెన్ బ్లవట్నిక్ ఆస్తి పదమూడు బిలియన్ పౌండ్ల పైచిలుకు మాత్రమే. అంతటివాణ్ని దాటేసిన కుబేరుడు ఆర్సెనల్ బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తున్నాడని నమ్మే ముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగవలసింది.

ఇక ఆ సంపద హఠాత్తుగా వచ్చిందనడమూ సరికాదు. సంస్థ పెట్టిన నాటి నుంచి కర్మాగారం నడిచేదాకా ఏడేళ్లు పట్టింది. దానికి పెట్టిన పెట్టుబడిలో ఆటలో సంపాదించిన సొమ్మూ ఉంది. 1995లో యూరోపియన్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు తర్వాత, ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా ఇప్పించకుండానే మరో క్లబ్బుకు వెళ్లిపోవచ్చు. బదిలీ రుసుము మిగిలిన కొత్త క్లబ్బు అందులో కొంత జీతంగా ఇస్తుంది. ఫ్లామినీ 2008లో మిలాన్‌కు వెళ్లిందీ, 2013లో తిరిగి ఆర్సెనల్‌కు వచ్చిందీ ఇలాగే. జీతాలను తిట్టిపోసే అభిమానులే, ఆ జీతాల సొమ్ముతో నిలిచిన వ్యాపారాన్ని చూసి చప్పట్లు కొట్టడం నాకు వింతగానే ఉంటుంది.

ఓజిల్ జీతం వెనుక ఉన్నదీ ఆ తీర్పే. 2018 జనవరిలో ఆర్సెనల్ ఆటగాడు అలెక్సిస్ సాంచెజ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిపోయాడు. ఓజిల్ ఒప్పందం కూడా ఆ వేసవితో ముగియనుంది. అతణ్ని ఉచితంగా వదులుకోలేని క్లబ్బు, వారానికి మూడున్నర లక్షల పౌండ్లని పత్రికలు రాసిన ఒప్పందాన్ని 2021 దాకా కుదుర్చుకుంది. సంతకం చేసింది క్లబ్బు పెద్దలే. 2020 అక్టోబరులో ప్రీమియర్ లీగ్ జట్టు జాబితాలోంచి అతడి పేరు తీసేసిందీ క్లబ్బే. అదే ఏడాది ఆగస్టులో ఆదాయం పడిపోయిందంటూ 55 ఉద్యోగాలకు కోత పెట్టిందీ క్లబ్బే. డైనోసార్ వేషంలో పిల్లల్ని నవ్వించే ఉద్యోగిని తొలగిస్తున్నారని తెలిసి, అతడి జీతం తానిస్తానని ముందుకొచ్చినవాడు మాత్రం ఓజిల్.

జీతాలు తగ్గిస్తే అంతా చక్కబడుతుందని అనేవారు ఇంగ్లండులో 1961కి ముందున్న పరిస్థితిని గుర్తుచేసుకోవాలి. ఎంత గొప్ప ఆటగాడికైనా వారానికి ఇరవై పౌండ్లకు మించి ఇవ్వకూడదన్న నిబంధన అప్పట్లో ఉండేది. స్టేడియాలు నిండినా, మిగిలిన సొమ్ము క్లబ్బుల దగ్గరే ఆగింది. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధపడ్డాకే ఆ పరిమితి పోయింది. ఫుల్‌హామ్ ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి వంద పౌండ్లు ఇవ్వడం నాడు పెద్ద వార్త.

పైగా పత్రికలో కనిపించే వారపు జీతం పన్ను కోయకముందు మాట. బ్రిటన్‌లో ఆ స్థాయి ఆదాయంపై పన్ను 45 శాతం. ఆడినన్నాళ్లూ భారీగా సంపాదించిన ఇంగ్లండు గోల్‌కీపర్ డేవిడ్ జేమ్స్ 2014లో దివాలా తీశాడు. కొద్ది నెలలకే మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) తొలి సీజన్‌లో కేరళ బ్లాస్టర్స్‌కు ఆడుతూ, శిక్షకుడిగానూ పనిచేశాడు.

కాబట్టి మీ క్రీడా పుటలో ఇటువంటి కథనాలు వచ్చినప్పుడు మార్కెట్ అంచనా, కంపెనీ విలువ, వ్యక్తి వాటా అనే మూడింటినీ విడివిడిగా చూపించాలనీ, జీతమైతే పన్నుకు ముందా తర్వాతా అన్నది రాయాలనీ కోరుతున్నాను. ఇంకొక విన్నపం కూడా ఉంది. 2022 మార్చిలో గోవాలోని మార్‌గావ్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ నుంచి, రెండేళ్లు తిరగకముందే జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఓజిల్ వారపు జీతం నోటికి చెప్పగల మన అభిమానులు, మన జట్టు ఆటగాళ్లకు రావలసింది ఎంతో చెప్పలేరు. ఆ బకాయిల్లో ఎవరికి ఎంత ముట్టిందో మీ విలేకరులు ఆరా తీసి ప్రచురిస్తే మాబోటి పాఠకులకు ఎంతో ఉపయోగంగా ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సికింద్రాబాద్