కత్తి మీద గాడి నెత్తురు కోసం కాదు

సంపాదకులకు నమస్కారం.

ఆయుధపూజ వస్తోందంటే విశాఖ చుట్టుపక్కల ఇళ్లలో, గుళ్లలో ఉన్న పాత కత్తులను చింతపండుతో, గరుకు కాగితంతో తోమేస్తారు. తళతళ రావాలన్న ఆరాటం తప్పు కాదు. కానీ ఆ తోముడులో ఏం పోతోందో తెలియాలి.

ముందు గాడి సంగతి. అలుగు (కత్తి పలక) పొడవునా ఉండే పల్లాన్ని 'నెత్తురు కాలువ' అంటారు, అది లేకపోతే పొడిచిన కత్తి ఊడిరాదంటారు. వట్టి మాట. గాడి లేని కత్తి కూడా అలాగే ఊడివస్తుంది. పైగా చాలా కత్తుల్లో గాడి మొనకు ముందే ఆగిపోతుంది, నెత్తురు కోసమే అయితే మొన దాకా ఉండాలి కదా! అసలు పని బరువు తగ్గించడం. అంతే బరువున్న చదును అలుగు కంటే గాడి ఉన్నది తక్కువ వంగుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరికి నడుమ సన్నగా ఉన్నా వంగని ఐ బీము, రైలు పట్టా గురించి చెప్పాలా?

నెత్తురు చూపకుండా ఖుక్రీని (నేపాలీల వంపు కత్తిని) ఒరలో పెట్టకూడదన్నదీ కథే. నేపాల్‌లో దాంతో కట్టెలు కొడతారు, మాంసం కోస్తారు.

కొన్ని అలుగుల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. అవి చెక్కినవి కావు, మంత్రమూ కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం లాంటి చోట్ల మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) తీసిన ఉక్కులో కార్బన్ నూటికి సుమారు 1.5 పాళ్లు. అందులో ఇనుము, కార్బన్ కలిసి ఏర్పడ్డ గట్టి కార్బైడు రేణువులు వరసకట్టడమే ఆ చార. కమ్మరి ఎర్రవేడి దాటించి తెల్లగా కాల్చితే రేణువులు కరిగి చార పోతుంది. పూర్తయ్యాక పలచని ఆమ్లం పూస్తేనే అది కంటికి కనబడుతుంది. గరుకు కాగితం ఆ పై పొరనే గీకేస్తుంది. పిడి మీది బంగారు నగిషీ మరీ సున్నితం. ఇనుము మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు గీసి, వాటి మీద బంగారు తీగను సుత్తితో అదుముతారు. కింద జిగురు ఏమీ ఉండదు. రుద్దితే లేచిపోతుంది, మళ్లీ రాదు.

అలుగు మీద నిమ్మకాయ పిండకండి, పుల్లదనం మరకలు తెస్తుంది. బొట్టు ఒరకు పెట్టండి. పిడిలో అలుగును పట్టి ఉంచేది చాలావాటిలో లక్కే కాబట్టి ఎండలో పెట్టొద్దు, మెత్తబడి పిడి కదులుతుంది. పూజయ్యాక పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె పలచగా రాయండి. సముద్రపు గాలికి తోలు ఒర తేమ పీలుస్తుంది, అందుకే అలుగును ఒరలో వదిలేయకుండా విడిగా గుడ్డలో చుట్టి, నెలకోసారి విప్పి చూడండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం