పెరిస్తేరా దగ్గర మునిగిన ఓడ

శీనూ,

ఎలా ఉన్నావురా? నాలుగుసార్లు ఫోన్ చేశావు, ఎత్తలేదు. గ్రీస్‌లో అలోనిసోస్ అనే దీవిలో ఉన్నాను. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

అలోనిసోస్‌కు ఎదురుగా పెరిస్తేరా అనే చిన్న దీవి ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం చివర్లో దాని ఒడ్డుకు దగ్గర్లోనే ఒక సరుకు ఓడ మునిగిపోయింది. 1985లో ఒక జాలరి కంటపడింది. 2020 నుంచి మామూలు డైవర్లను కూడా దిగనిస్తున్నారు, కానీ గైడ్ లేకుండా కుదరదు. నేను పోయినేడు డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు చేసింది దీనికోసమేరా.

దిగుతూనే ఎడమ చెవి పట్టేసింది. కాస్త పైకొచ్చి, ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే వదిలింది. ఆ టెన్షన్‌లో కిందికి చూడనేలేదు. చూసేసరికి, జాడీలు! మీ అమ్మమ్మ ఆవకాయ జాడీలు గుర్తున్నాయా? అంతకంటే పొడుగ్గా, సన్నటి మెడ, రెండు పక్కలా పిడులు, మొనదేలిన అడుగు. ఆంఫొరాలు అంటారు. మూడు వేలకు పైనే ఉన్నాయట, ఒకదాని మీద ఒకటి గుట్టగా.

ఓడ కలపను సముద్రపు పురుగులు ఎప్పుడో తినేశాయి. జాడీలు మాత్రం ఓడ పొట్ట ఎలా ఉండేదో ఆ ఆకారంలోనే మిగిలిపోయాయి. అడుగు మొనగా ఎందుకో అక్కడే అర్థమైంది. కింది వరుస జాడీల భుజాల మధ్య సందులో పై వరుస మొన కూర్చుంటుంది, ఓడ ఊగినా కదలదు. ఎవరో కూలీలు చెమటోడ్చి పేర్చిన వరుసలురా అవి. గొంతు పట్టేసినట్టయింది.

వాటినిండా ద్రాక్షసారా ఉండేది. జాడీ ఆకారాన్ని బట్టే ఏ ఊరిదో చెప్పేస్తారు. కొన్ని మెండే నగరానివి, కొన్ని పెపరేథోస్‌వి, అంటే ఇప్పుడు పక్కనే ఉన్న స్కోపెలోస్ దీవి. ఇంత పెద్ద సరుకు ఓడలు రోమన్ల కాలంలోనే వచ్చాయని అంతకుముందు అనుకునేవారు. 1990ల్లో ఇక్కడ తవ్వాక ఆ లెక్క మారిపోయింది.

ఆ లోతులో ఎరుపు రంగు కనపడదు. జాడీల మీద పెరిగిన స్పంజి బూడిదరంగులో ఉంది. గైడ్ టార్చి వేయగానే ఎర్రగా వెలిగిపోయింది! ముట్టుకోవాలని చెయ్యి లాగింది కానీ ముట్టుకోలేదు. దగ్గరికి పోవడమే నిషేధం. కాపలాకు నీళ్లలో కెమెరాలు కూడా పెట్టారు. మంచి పని చేశారు. మనిషికొక జాడీ పట్టుకెళ్తే ఆ ఓడ ఆకారం ఇక ఎవరికీ కనపడదు.

28 మీటర్ల దాకా వెళ్లాం. అక్కడ సిలిండర్‌లో గాలి పైన కంటే దాదాపు నాలుగింతలు ఖర్చవుతుంది, చూస్తుండగానే టైమైపోయింది. పైకొస్తూ 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఆ మూడు నిమిషాలూ కిందికే చూస్తూ ఉన్నాను, గుట్ట కనపడకుండా పోయేదాకా.

నువ్వు ముందు ఓపెన్ వాటర్ కోర్సు చెయ్యి, తర్వాత అడ్వాన్స్‌డ్. ఈత మన చెరువులో నాకు నేర్పింది నువ్వే కదా, నీకు కష్టం కాదు. వచ్చే వేసవిలో నిన్ను పక్కన పెట్టుకుని మళ్లీ దిగాలని ఉందిరా. సెలవు సంగతి కనుక్కుని రాయి.

నీ
రవి