రెండు ఇసుక రేణువులు

చాండ్లర్, ఆరిజోనా
2024 సెప్టెంబర్ 8

నాన్నా,

మీరూ అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మున్నేరు నీళ్లు మన వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయాయని మీరు ఫోన్‌లో చెప్పాకే నాకు అన్నం సయించింది. కింద గదిలోని పుస్తకాలు పైకి చేర్పించారా? అమ్మని మాటిమాటికీ మెట్లు ఎక్కి దిగొద్దనండి. నిన్న ఇక్కడ వినాయక చవితి చేసుకున్నాం. పత్రి ఎక్కడ దొరుకుతుంది, పెరట్లో ఉన్న దానిమ్మ ఆకులతోనే కానిచ్చేశాం. ఉండ్రాళ్లు మాత్రం బాగా కుదిరాయి.

మొన్న ఫోన్ కట్టయ్యే ముందు మీరొకటి అడిగారు. "గోల్ఫ్ ఆడే ఆ తీగల కుర్రాడు మనవాడేనటగా, బంతి కొట్టినందుకు అరవై కోట్లిచ్చారట, నిజమేనా?" అని. ఇలాంటివి ఫోన్‌లో చెప్పబోతే మీరు సగం విని అమ్మకిచ్చేస్తారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అరవై కోట్ల మాట నిజమే. డెబ్భై అయిదు లక్షల డాలర్లు, మన లెక్కలో 62 కోట్లు దాటుతుంది. పేరు సాహిత్ తీగల. వయసు 26. పుట్టిందీ పెరిగిందీ కాలిఫోర్నియాలో, కాబట్టి అమెరికా ఆటగాడే. అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు. మనవాడు అనుకోవడానికి మనకున్న హక్కు అంతవరకే. ఇక్కడ మా తెలుగు సంఘం వాళ్లు మాత్రం ఆ కుర్రాణ్ణి తామే పెంచినట్టు మాట్లాడతారనుకోండి.

చిన్నప్పుడు టీవీలో టైగర్ వుడ్స్‌ని చూస్తూ పెరిగాడట. వెన్నెముక కాస్త వంకర, అందుకే బంతి కొట్టేటప్పుడు ఒంటిని ఒక పక్కకి బాగా వంచుతాడు. మీరైతే మొదటి రోజే "నడుం నిటారుగా పెట్టరా" అని విజిల్ ఊదేవారు. పెప్పర్‌డైన్ యూనివర్సిటీలో చదివేటప్పుడు మణికట్టు దెబ్బతిని ఒక సీజన్ మొత్తం ఆడలేదు. తిరిగొచ్చి 2020లో కాలేజీ ఆటగాళ్లకిచ్చే మూడు పెద్ద అవార్డులూ ఒకే ఏడాది గెలిచాడు. సరిగ్గా అప్పుడే కరోనా వచ్చి కాలేజీ పోటీలన్నీ మధ్యలో ఆగిపోయాయి. అప్పటికి వాళ్ల జట్టుది దేశంలో మొదటి ర్యాంకు.

కోట్లనగానే మీకు క్రికెట్ వాళ్ల కాంట్రాక్టులు గుర్తొస్తాయి. ఇది అలా కాదు నాన్నా, ఇందులో నెల జీతం లేదు. మామూలు టోర్నీ నాలుగు రోజులు, రోజుకి 18 గుంతలు. ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే వాళ్లు ముందు. రెండో రోజు సాయంత్రానికి మొదటి 65 స్థానాల్లో లేకపోతే పెట్టె సర్దుకోవడమే, బహుమతి డబ్బు పైసా రాదు. విమానం, హోటల్, బ్యాగు మోసే క్యాడీ ఖర్చు మాత్రం చేతి నుంచే. మన దగ్గర కౌలు సేద్యంలాగే, పెట్టుబడి ముందు, పంట సంగతి తర్వాత.

నేను అతని ఆట కళ్లారా చూసింది ఒక్కసారే, 2022 ఫిబ్రవరిలో. మా ఇంటికి అరగంట దూరంలో, స్కాట్స్‌డేల్‌లో ఫీనిక్స్ ఓపెన్ జరుగుతుంది. ఆఫీసులో ఒకాయన వెళ్లలేక నాకు ఆదివారం టికెట్ ఇచ్చాడు. గోల్ఫ్ అంటే అందరూ గుసగుసలాడుకునే ఆట అనుకున్నాను. అక్కడ 16వ గుంత చుట్టూ స్టేడియంలా గ్యాలరీలు కట్టారు, జాతరే అనుకోండి. ముందు రోజు ఒకతను అక్కడ ఒక్క దెబ్బకే బంతిని గుంతలో వేస్తే జనం బీరు డబ్బాలు వానలా విసిరారట.

సాహిత్‌కి ఆ టోర్నీలో నేరుగా చోటు లేదు, నిర్వాహకులు పిలిచి ఇచ్చిన చోటు. అలా వచ్చినవాడు శనివారం రాత్రికి అందరికంటే ముందున్నాడు. ఆదివారం చివరికొచ్చేసరికి కూడా ఉమ్మడి ఆధిక్యంలో ఉన్నాడు. నేను 17వ గుంత దగ్గర తాడు పట్టుకుని నిలబడ్డాను. అది 332 గజాలు, గట్టిగా కొట్టేవాడికి ఒక్క దెబ్బలో అందేదే, కానీ ఎడమ పక్కన నీళ్లు. బంతి వచ్చి పడిన చోటు చూసి పక్కనున్నవాళ్లు చప్పట్లు మొదలుపెట్టారు కూడా. అది ఎగిరి ఎడమ వైపుకి తిరిగింది. గడ్డి మీద దొర్లుతూ దొర్లుతూ, పరుగెత్తి కాలడ్డం పెడితే ఆగేంత నెమ్మదిగా వెళ్లి, నీళ్లలో పడింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు అలాగే ఆగిపోయాయి. చివరికి ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్‌కి, అంటే సమానమైనవాళ్ల మధ్య విజేతను తేల్చే అదనపు ఆటకి, దూరమయ్యాడు. ఆ రోజు గెలిచిన స్కాటీ షెఫ్లర్‌కి పీజీఏ టూర్ అనే ఈ పెద్ద పోటీల వరుసలో అదే మొదటి గెలుపు, ఇప్పుడతను ప్రపంచంలో నంబర్ వన్. ఆట అయ్యాక సాహిత్ వాళ్ల అమ్మానాన్నల్ని పట్టుకుని ఏడ్చాడు. అది ఇంటికొచ్చాక టీవీలో చూశాం. మీ కోడలు వంటింట్లోంచి వచ్చి, ఆ అబ్బాయెవరో తెలియకపోయినా కళ్లు తుడుచుకుంది.

నాలుగు నెలలకి కనెటికట్‌లో మళ్లీ అంతే. చివరి గుంత దగ్గర ఒక దెబ్బ ముందున్నాడు. బంతి ఇసుక గుంటలో పడింది, తీయబోతే అంచుకి తగిలి మళ్లీ అందులోనే పడింది. జాండర్ షాఫ్లే అనే ఆటగాడు గెలిచాడు. మన ఇంట్లోవాళ్లు "గండం గడవలేదు" అనేవాళ్లు. 2023 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని నాపాలో ఆ గండం గడిచింది, రెండు దెబ్బల తేడాతో పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ గెలిచాడు. పదిహేను లక్షల డాలర్ల బహుమతి. ఆ గెలుపు గురించి ఎక్కువ రాయాలని నాకు లేదు, గెలుపులన్నీ టీవీలో ఒకేలా ఉంటాయి.

ఇక మీరడిగిన అరవై కోట్ల సంగతి. సీజన్ చివర అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ జరుగుతుంది. ఏడాదంతా బాగా ఆడిన ముప్పై మందికే అందులో చోటు. మూడో రోజు, మూడో గుంతలో ఇతని బంతి ఇసుకలో పడింది. ఇసుకలోంచి కొట్టేటప్పుడు ఒక నియమం ఉంది, బ్యాటును వెనక్కి తీసేటప్పుడు అది ఇసుకను తాకకూడదు. (దాన్ని క్లబ్ అంటారు, మీ కోసం బ్యాటు అన్నాను.) తాకితే రెండు దెబ్బలు అదనంగా వేస్తారు. సాహిత్ కొట్టాడు, బంతి బయటికొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. కొట్టిన తర్వాత తనే అధికారిని పిలిచి, వెనక్కి తీసేటప్పుడు ఒకటి రెండు ఇసుక రేణువులు కదిలినట్టు అనిపించిందని చెప్పాడు. రెండు దెబ్బలు వేశారు.

చివరికి మూడో స్థానంలో వచ్చాడు, రెండో స్థానంలోని మోరికావాకి సరిగ్గా రెండు దెబ్బల వెనక. ఆ రెండూ లేకపోతే ఇద్దరూ సమానమయ్యేవారు. రెండు, మూడు స్థానాల డబ్బు కలిపి చెరిసగం పంచేవాళ్లు, మనిషికి కోటి డాలర్లు. అంటే ఇతనికి ఇంకో పాతిక లక్షల డాలర్లు, మన డబ్బులో ఇరవై కోట్ల పైచిలుకు. ఆట అలా కూడికలు తీసివేతల ప్రకారం నడవదని మీరంటారు, నిజమే. అయినా ఆ లెక్క కాగితం మీద వేసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఈ నెలాఖరున మాంట్రియల్‌లో ప్రెసిడెంట్స్ కప్ అనే జట్ల పోటీ ఉంది, అమెరికా జట్టులో ఇతనున్నాడు. మీ టీవీలో వస్తుందో రాదో తమ్ముణ్ణి చూడమనండి.

నాన్నా, ఇంకొకటి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జోనల్ వాలీబాల్ ఫైనల్ గుర్తుందా? మీరు గ్రౌండ్ పక్కన ఇనప కుర్చీలో కూర్చున్నారు, మన స్కూలు ఆడుతోంది కాబట్టి విజిల్ జేబులో పెట్టుకుని. 14-13, సర్వీస్ మనది. అవతలివాడు కొట్టిన బంతిని నేను నెట్ దగ్గర ఎగిరి బ్లాక్ చేశాను, అది వాళ్ల వైపే పడింది. మనవాళ్లు నన్ను భుజాల మీదికెత్తుకున్నారు. నెట్ తగిలితే రిఫరీ వైపు చూడొద్దు, చేయెత్తమని మీరు మాకు ఆరో తరగతి నుంచీ చెప్పేవారు. సాయంత్రం సైకిల్ మీద ఇంటికొస్తుంటే, వెనక్కి తిరక్కుండానే, "నెట్ తగిలిందా?" అని ఒక్కసారి అడిగారు. తగల్లేదన్నాను. తర్వాత మీరేమీ మాట్లాడలేదు, చెరువు కట్ట ఎత్తు దగ్గర కూడా దిగకుండా తొక్కుకుంటూ వచ్చేశారు.

తగిలింది నాన్నా. కుడి చేతి చిటికెన వేలు, పై పట్టీకి.

డిసెంబర్‌కి టికెట్లు చూస్తున్నాను. మీ బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించుకోండి, వరద తర్వాత మందుల షాపుల్లో స్టాక్ ఉందో లేదో. అమ్మకి నా నమస్కారాలు చెప్పండి.

మీ
శ్రీను