నాన్న కోసం నిలబడిన అందరికీ, పేరు కూడా అడగని ఆ పెద్దాయనకీ

అందరికీ నమస్కారం. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. రాసింది మళ్లీ చదివే ఓపిక లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. నిన్న సంస్మరణ సభ అయిపోయింది. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేనేమోనని కూర్చున్నాను.

నాన్న ఈత కోచ్. మీలో చాలామందికి 'సార్'. పోటీల కోసం కొంతమందిని తయారు చేశారు కానీ, ఆయన ప్రాణమంతా పిల్లల సెలవుల శిబిరం మీదే ఉండేది. మొదటి రోజు ఏ స్ట్రోకూ నేర్పరు. గట్టు పట్టుకుని, ముఖం నీళ్లలో పెట్టి, బుడగలు వదలాలి. తర్వాత వెల్లకిలా తేలాలి. "మావాడికి ఫ్రీస్టైల్ ఎప్పుడు సార్?" అని ఎవరైనా తొందరపడితే, "బట్టలతో నీళ్లలో పడి, వెల్లకిలా తిరిగి, తనంతట తాను గట్టుకు చేరిన మర్నాడు" అనేవారు. కొందరు తల్లిదండ్రులు విసుక్కుని పిల్లల్ని మానిపించేశారు కూడా. అయినా ఆయన పద్ధతి మార్చుకోలేదు.

అమ్మ, తమ్ముడు, బాబాయి, మావారు, మీ అందరికీ వేరే చెప్పేదేముంది. మీరున్నారు, అంతే.

నేను చెప్పాల్సింది ఐసీయూ బయట వరండాలో కలిసిన ఒక పెద్దాయన గురించి. ఆయన భార్య కూడా లోపలే వెంటిలేటర్ మీద ఉన్నారు. మాకు ఆయనెవరో తెలియదు, ఆయనకు మేమెవరమో తెలియదు. ఒక రాత్రి నేను కుర్చీలో అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే, "మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. అప్పటిదాకా ఆ వరండాలో అందరూ ఏం జబ్బు, ఎంతయింది, డాక్టరేమన్నాడు అనే అడిగారు. నాన్న ఏం చేస్తారని అడిగింది ఆయనొక్కరే. 'చేసేవారు' అనలేదు, 'చేస్తారు' అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. ఆయనకు నీళ్లంటే భయమట, మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగలేదట. "మునిగేవాళ్ల కేకలు వినపడితే ఎవరో ఒకరు పరిగెత్తరా?" అన్నారు. మునిగేవాళ్లు చాలాసార్లు అరవలేరని చెప్పాను. నోరు నీళ్లపైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే సమయం చాలదు, ఇక గొంతెక్కడిది. చేతులు పైకెత్తి ఊపలేరు, పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతూ ఉంటారు. చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. రక్షించడానికి ఈత రానివాళ్లు దూకకూడదని, కర్రో తాడో చున్నీయో అందించాలని చెప్పాను. శిబిరంలో ఊపిరి బిగబట్టే పందేలు నాన్న ఎందుకు కట్టనివ్వరో కూడా చెప్పాను. గబగబా ఊపిరి తీసి వదిలి మునిగితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, ఊపిరి కావాలనే హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఈలోగా ఆక్సిజన్ అయిపోయి స్పృహ పోతుంది. ఇదంతా నా గొంతుతో నాన్న మాట్లాడుతున్నట్టే ఉంది. ఆయన ఒక్క మాట కూడా అడ్డు రాకుండా విన్నారు.

తెల్లారాక ఆయన ఫోన్‌లో ఎవరితోనో అంటున్నారు: "పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు ఫోన్ చూస్తూ కూర్చోకండర్రా. మునిగేవాళ్లు అరవరట. ఇక్కడ ఒక కోచ్‌గారి అమ్మాయి చెప్పింది." నాన్న లోపల ట్యూబుల మధ్య ఉన్నారు. ఆయన పాఠం ఎవరింటికో వెళ్లిపోయింది. నేను అక్కడి నుంచి లేచి మెట్ల దగ్గరికి వెళ్లి ఏడ్చాను.

నాన్న పోయిన రాత్రి కూడా ఆయనే పక్కన ఉన్నారు. తమ్ముడు కౌంటర్ల చుట్టూ తిరుగుతున్నాడు. నాన్న వస్తువులు ఒక ప్లాస్టిక్ కవర్లో తెచ్చి, సంతకం పెట్టమన్నారు. నా చెయ్యి వణుకుతోంది. పెద్దాయన కవర్ తీసుకుని ఒక్కో వస్తువూ బయటపెట్టి, పైకి చదివి, రిజిస్టర్‌లో రాయించారు. కళ్లజోడు, వాచీ, స్టాప్‌వాచ్, విజిల్. విజిల్ తాడు చిక్కుపడి ఉంటే కూర్చుని ముడులు విప్పారు, చొక్కా అంచుతో విజిల్ తుడిచి నా చేతిలో పెట్టారు. "ఇది కవర్లో వేయకమ్మా" అన్నారు. అంతే. ఆయన పేరు తెలియదు. ఆవిడ ఎలా ఉన్నారో తెలియదు. ఈ పోస్టు తిరిగి తిరిగి ఆయన్ని చేరితే, అయ్యా, మీకు దండం పెడుతున్నాను. ఆవిడ కోలుకుని మీతో ఇంటికి వచ్చి ఉండాలని కోరుకుంటున్నాను.

ఒక్క మాట అనకుండా ఉండలేను. చేర్చుకునేటప్పుడు ఇంటిపేరు ఎలా ఉన్నా ఎవరికీ పట్టలేదు. పోయాక మాత్రం ఇన్సూరెన్స్ కాగితంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందని, అప్రూవల్ రాలేదని, సిస్టమ్ డౌన్ అని, రాత్రంతా నాన్నను అక్కడే ఉంచేశారు. ఒక్క అక్షరం తేడా! ఎవరినడిగినా "మా చేతుల్లో లేదు మేడమ్" అంటారు. మరి ఎవరి చేతుల్లో ఉందో చెప్పే మనిషి ఆ బిల్డింగ్‌లో లేడు. ఇప్పుడు మరణ ధ్రువీకరణ పత్రంలోనూ అదే తప్పు పడింది, అది దిద్దేదాకా శిబిరం ఖాతా కదలదు. పిల్లల ఫీజులు అందులోనే ఉన్నాయి. తల్లిదండ్రులు కాస్త ఓపిక పట్టండి, ఎవరి డబ్బూ ఎక్కడికీ పోదు.

నిన్న పూల్ దగ్గర సభకు వచ్చిన పాత శిష్యులకు, ఇప్పటి పిల్లలకు కృతజ్ఞతలు. నాన్న గోడకు అంటించిన కాగితం తీయకుండా ఉంచినందుకు పూల్ వాళ్లకు మరీ. 2021లో ప్రపంచంలో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వాళ్లలో ఇంచుమించు నాలుగో వంతు అయిదేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క అది. ఆ కాగితం చదివించకుండా ఏ తల్లినీ తండ్రినీ లోపలికి రానిచ్చేవారు కాదు. ఐక్యరాజ్యసమితి జూలై 25ను నీట మునక నివారణ దినంగా ప్రకటించాక, ఏటా ఆ రోజు ఉచితంగా తేలడం నేర్పేవారు. ఈసారి కూడా ఉంటుంది, అసిస్టెంట్ కోచ్‌లు ఇద్దరూ మాటిచ్చారు.

అయ్యో, అంబులెన్స్ డ్రైవర్ గారిని మరిచేపోయాను. దారంతా అమ్మతో మాట్లాడుతూనే ఉన్నారు. రక్తం ఇచ్చిన కుర్రాళ్లు, మీ పేర్లు తమ్ముడి ఫోన్‌లో ఉన్నాయి, ఫోన్ చేస్తాను. కుర్చీలు వేసిన వాచ్‌మన్ గారు, మైకు పాడైతే బాగుచేసిన అబ్బాయి, నైట్ డ్యూటీ నర్సమ్మలు. మా పక్కింటి ఆంటీ! ఇన్ని రోజులూ ఇంటి తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయి.

ఇంకో సంగతి. నిన్న పిల్లలు వదిలేసిన గాగుల్స్, తువ్వాళ్లు ఒక బుట్టెడు ఆఫీసు గదిలో ఉన్నాయి. పేర్లు రాయకుండా తెస్తే సార్ ఏమనేవారో మీకు తెలుసు. వచ్చి తీసుకెళ్లండి.